కేన్సర్ పరిశోధన: ఏ ప్రశ్న ముందు? ఎవరి ప్రశ్న ముందు?



కేన్సర్‌కు కొత్త మందు వచ్చిందన్న వార్త నెలకొకసారైనా పత్రికల్లో పడుతుంది. ఆ కాగితం ముక్క చించి, మడిచి, జాగ్రత్తగా మా ఆసుపత్రికి తెచ్చే బంధువులు ఉన్నారు. "సిస్టరమ్మా, ఈ మందు మనకాడ దొరుకుద్దా?" అని అడుగుతారు. చాలాసార్లు దొరకదు. దొరికినా ధర వినగానే ఆ కాగితం మళ్లీ జేబులోకి వెళ్లిపోతుంది. అయితే ఆ వార్త వెనక ఉన్న ఇంకొక సంగతి ఎవరూ అడగరు. లోకంలో ఇన్ని రకాల కేన్సర్లు, రోగులకు ఇన్ని రకాల బాధలు ఉండగా, ముందుగా దేనిమీద పరిశోధన జరగాలో నిర్ణయించేది ఎవరు? డబ్బు ఎవరు పెడతారు? ఏ దేశపు రోగిని దృష్టిలో పెట్టుకుని పెడతారు? ఇది పెద్ద డాక్టర్ల విషయమని, మనకు సంబంధం లేదని అనుకోవద్దు. ఎందుకో చెబుతాను.

అడ్డపొగ తెచ్చిన పరిశోధన

దాదాపు అరవై ఏళ్ల కిందటే కేన్సర్ పరిశోధకులు బొంబాయి నుంచి మన శ్రీకాకుళం జిల్లా పల్లెలకు వచ్చారు. వారితో కలిసి పనిచేసినవారిలో డెన్మార్క్ దేశపు కోపెన్‌హాగన్ ప్రొఫెసర్ కూడా ఉన్నారు. వాళ్లను రప్పించినది అడ్డపొగ.

ఈ ప్రాంతం వారికి అడ్డపొగ గురించి చెప్పనక్కరలేదు గాని, దూరాన ఉండి చదివేవారి కోసం చెబుతున్నాను. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని, పెదవులు మూసి పీల్చడాన్ని అడ్డపొగ అంటారు. ఇది మగవారికంటే ఆడవారిలో, అందులోనూ పెద్ద వయసు స్త్రీలలో ఎక్కువగా ఉన్న అలవాటు. ఎందుకమ్మా అలా అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్క కారణం చెబుతారు. "గాలికి ఆరిపోద్ది సిస్టరమ్మా, లోపట్నెట్టుకుంటే ఆరదు" అంటారు తీరంలో పనిచేసేవారు. రెండు చేతులూ పనిలో ఉంటాయి కనుక చుట్ట తీసి పెట్టడం కుదరదని కొందరు, పిల్లవాణ్ణి చంకన వేసుకున్నప్పుడు బుగ్గి రాలకుండా ఉంటుందని కొందరు, చలికి వెచ్చగా ఉంటుందని కొందరు చెబుతారు. పెద్దల ముందు చుట్ట కనబడకూడదు కనుక అలా మొదలైందని చెప్పినవారూ ఉన్నారు. తల్లి తాగితే కూతురు నేర్చుకుంటుంది. ఇందులో ఎవరికీ వింత కనబడలేదు.

వైద్యులకు మాత్రం వింత కనబడింది. నోటి కేన్సర్ ఇతర ప్రాంతాల్లో ఎక్కువగా బుగ్గ లోపల, నాలుక అంచుల్లో వస్తుంది. గట్టి అంగిలి మీద రావడం చాలా అరుదు. విశాఖపట్నంలో మాత్రం అంగిలికి చిల్లుపడిన ఆడవాళ్లు ఒకరి తరువాత ఒకరు వచ్చేవారు. చుట్ట నిప్పు నోట్లో ఉన్నప్పుడు లోపలి వేడి 120 డిగ్రీల సెల్సియస్ దాకా పోవచ్చునని వైద్య పత్రికల్లో రాశారు. నీళ్లు మరిగేది 100 డిగ్రీల దగ్గర. ఆ వేడికి పొగాకు విషాలు తోడై, ఏళ్ల తరబడి ఒకే చోట తగులుతుంటే అంగిలి చర్మం ముందు తెల్లబడుతుంది, తరువాత అక్కడక్కడ ఎర్రబడుతుంది, కొందరిలో పుండు పడి కేన్సర్ అవుతుంది.

1957లో డాక్టర్ డి.జి. రెడ్డి, డాక్టర్ వి.కె. రావు కోస్తా ఆంధ్రలోని అంగిలి కేన్సర్‌కు, నిప్పు లోపల పెట్టి చుట్ట తాగడానికి ఉన్న సంబంధం గురించి ఒక భారతీయ వైద్య పత్రికలో రాశారు. ఆ తరువాత విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో డాక్టర్ సి.ఆర్.ఆర్.ఎం. రెడ్డి, వారి సహచరులు ఇదే విషయం మీద పనిచేసి విదేశీ పత్రికల్లో కూడా వ్యాసాలు ప్రచురించారు. పాఠకులు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ప్రశ్న పుట్టింది ఇక్కడి ఓపీ గదుల్లో. పై దేశాల వారు ఆ తరువాత వచ్చారు.

1966 నుంచి 1969 వరకు బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన దంత పరిశోధన విభాగం దేశంలో ఐదు జిల్లాలు ఎంచుకుని ఇంటింటి సర్వే చేసింది. గుజరాత్‌లో భావనగర్, కేరళలో ఎర్నాకుళం, అప్పటి బీహార్‌లో దర్భంగా, సింగ్‌భూమ్, ఆంధ్రప్రదేశ్‌లో మన శ్రీకాకుళం. మొత్తం 50,915 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించారు. డాక్టర్ ఫాలీ మెహతా, కోపెన్‌హాగన్ ప్రొఫెసర్ జెన్స్ పిండ్‌బోర్గ్ ఇందులో ముఖ్యులు. అప్పటికి విజయనగరం జిల్లా ఇంకా ఏర్పడలేదు, అది 1979లో వచ్చింది. మన జిల్లాలో పరీక్షించిన 10,169 మంది వివరాలు 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ కేన్సర్‌లో అచ్చయ్యాయి. వారిలో నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవారు.

వాళ్లు అక్కడితో ఆగి ఉంటే అది వింత అలవాటు మీద ఒక వ్యాసంగా మిగిలేది. ఆగలేదు. ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాల్లో పొగాకు వాడే 36,471 మందిని ఎంచుకుని, ఏడాదికొకసారి నోరు చూస్తూ, పొగాకు మానమని మనిషి మనిషికీ చెబుతూ, సినిమాలు, పోస్టర్లు, రేడియో వంటి వాటితో కూడా బోధిస్తూ ఐదేళ్లు గడిపారు. ఇలాంటి బోధన లేకుండా అంతకు ముందు అదే ప్రాంతాల్లో ఏటేటా పరీక్షించిన 10,287 మందితో పోల్చి చూశారు. మూడు ప్రాంతాల్లో రెండు చోట్ల, చెప్పినందువల్ల ఎక్కువమంది మానారు లేదా తగ్గించారు. కొత్తగా మచ్చలు రావడం కూడా తగ్గింది. ఈ ఫలితం 1986లో ప్రపంచ ప్రసిద్ధి పొందిన లాన్సెట్ పత్రికలో వచ్చింది. కేన్సర్‌కు ముందు దశలో ఉన్న మచ్చలను పల్లెల్లో మాట సాయంతో తగ్గించవచ్చునని అంత పెద్ద సంఖ్యలో చూపించిన పరిశోధనలు లోకంలో అప్పటికి అరుదు. అందులో ఒక వంతు సాక్ష్యం నోరు తెరిచి చూపించిన మన అవ్వలది.

ఇప్పుడు ఆలోచించండి. అడ్డపొగ మన తీరంలో ఉంది. కొలంబియా, వెనిజులా, పనామా వంటి దేశాల్లోనూ, కరేబియన్ దీవుల్లో, ఇటలీకి చెందిన సార్డీనియాలో, ఫిలిప్పీన్స్‌లో కూడా కొన్ని జనాల మధ్య ఉన్నట్టు రాశారు. అంతటా పేద స్త్రీలే ఎక్కువ. ఏ మందుల కంపెనీకీ దీనిలో లాభం లేదు. ఏ ధనిక దేశంలోనూ దీనికి ఓట్లు లేవు. ఇక్కడి డాక్టర్లు పట్టించుకుని రాసి ఉండకపోతే ఈ కేన్సర్ ఎవరి పట్టికలోనూ ఎక్కేది కాదు.

పట్టిక ఎవరు రాస్తారు?

మన జిల్లా వ్యాసం అచ్చయిన 1971లోనే, డిసెంబరులో, అమెరికా అధ్యక్షుడు నిక్సన్ జాతీయ కేన్సర్ చట్టం మీద సంతకం చేశారు. కేన్సర్ మీద యుద్ధం అని దానికి పేరు వచ్చింది. అప్పటినుంచి ఆ దేశం పరిశోధనకు పెట్టిన సొమ్ము మన ఊహకు అందదు. అందులో మనకూ మేలు జరిగింది, కాదనను. మా వార్డులో వాడే కీమోథెరపీ మందులు అక్కడా యూరప్‌లోనూ జరిగిన పరిశోధనల నుంచి వచ్చినవే. కానీ ఆ పట్టిక వారి రోగులను చూసి రాసుకున్నది. వారి దగ్గర ప్రోస్టేట్, పెద్దపేగు కేన్సర్లు ఎక్కువ. మన దగ్గర నోరు, గర్భాశయ ముఖద్వారం ఎక్కువ. 2022 అంచనాల ప్రకారం ప్రపంచమంతటా కొత్తగా నోటి కేన్సర్ వచ్చినవారు సుమారు 3 లక్షల 90 వేల మంది. అందులో 1 లక్షా 43 వేల మందికి పైగా మన దేశంవారే. అంటే మూడో వంతు దాటింది.

2014 నుంచి 2017 మధ్య ప్రపంచంలో ప్రచురించిన 694 కేన్సర్ చికిత్సా పరీక్షలను కొందరు పరిశోధకులు లెక్కవేసి 2021లో జామా ఆంకాలజీలో రాశారు. వాటిలో నూటికి 92 ధనిక దేశాలవారు నడిపినవి. నూటికి 87 మందుల మీద జరిగినవి. ఆపరేషన్ మీద, రేడియేషన్ మీద జరిగినవి రెండూ కలిపి 13 శాతమే. నోటి కేన్సర్ రోగికి ముందు కావలసినది మంచి ఆపరేషన్, తరువాత రేడియేషన్. అయినా మందుకు యజమాని ఉంటాడు, ఆపరేషన్ పద్ధతికి యజమాని ఉండడు. పరిశోధన ఎటు మొగ్గుతుందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ఈ లోటు మన దేశపు డాక్టర్లకు తెలియకుండా లేదు. 2022లో ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి డైరెక్టర్ డాక్టర్ సి.ఎస్. ప్రమేశ్, పలు దేశాల నిపుణులు కలిసి, పేద, మధ్యతరగతి దేశాల్లో కేన్సర్ పరిశోధన దేనిమీద జరగాలో నేచర్ మెడిసిన్ పత్రికలో రాశారు. ఐదు విషయాలు చెప్పారు. వాటిలో మొదటిది, రోగులు ముదిరిన దశలో రావడాన్ని తగ్గించడం. రెండవది, చికిత్స అందుబాటులోకి, స్తోమతకు తగినట్టు తేవడం. పెట్టిన ఖర్చుకు తగిన మేలు ఉందా అని చూడడం, తెలిసిన మంచి పద్ధతిని ఆసుపత్రుల్లో నిజంగా అమలయ్యేటట్టు చేయడం, సాంకేతిక పరిజ్ఞానాన్ని వాడుకోవడం మిగతావి. ఆ జాబితా చదివినప్పుడు నాకు మా ఓపీ వరండా చదివినట్టే ఉంది. ఐదింటిలో మొదటి రెండే నాకు ముఖ్యం. మిగతావి వాటి వెనక వస్తాయి.

తక్కువ మందు, ఒక్క సూది

ప్రశ్న మారితే జవాబు ఎలా మారుతుందో రెండు ఉదాహరణలు చెబుతాను.

నివోలుమాబ్ అనే ఇంజెక్షన్ ఉంది. శరీరంలోని రోగనిరోధక శక్తిని కేన్సర్ మీదకు మళ్లిస్తుంది. మామూలు మోతాదులో వాడితే దాని ఖర్చు మన రైతు కుటుంబం పొలం అమ్మినా చాలదు. కంపెనీ ఎప్పుడూ ఇంకా కొత్త మందు కలిపితే మేలా అని అడుగుతుంది గాని, తగ్గించి ఇస్తే సరిపోతుందా అని అడగదు. టాటా మెమోరియల్ డాక్టర్లు ఆ రెండో ప్రశ్న అడిగారు. నయం కాని దశలో ఉన్న తల, మెడ కేన్సర్ రోగులకు మామూలు మోతాదులో పదోవంతు కూడా లేని 20 మిల్లీగ్రాములు మూడు వారాలకొకసారి, మాత్రలతో కలిపి ఇచ్చారు. ఆ ఇంజెక్షన్ లేనివారిలో ఏడాది తరువాత బతికి ఉన్నవారు నూటికి 16 మంది. ఇంజెక్షన్ అందినవారిలో 43 మంది. ఇది నయం చేయడం కాదని పాఠకులు గుర్తుంచుకోవాలి. అయితే ఒక ఇంటి పెద్దకు ఆ ఏడాదిలో కూతురి పెళ్లి ఉండవచ్చు.

రెండవది హెచ్‌పీవీ టీకా. గర్భాశయ ముఖద్వార కేన్సర్‌ను కలిగించే వైరస్ నుంచి ఇది కాపాడుతుంది. 2022లో ప్రపంచంలో ఈ కేన్సర్‌తో సుమారు 3 లక్షల 50 వేల మంది స్త్రీలు చనిపోయారు, ఎక్కువమంది పేద దేశాలవారు. ముందు ఈ టీకా మూడు సూదులుగా వచ్చింది. మన దేశంలో పలు చోట్ల మూడు సూదులకు, రెండు సూదులకు తేడా ఉందా అని 2009లో ఒక పరిశోధన మొదలుపెట్టారు. 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం టీకా పరిశోధనలన్నీ ఆపమంది. అప్పటికి వేలాది ఆడపిల్లలకు ఒక్క సూదే పడింది. పరిశోధకులు ఆ పిల్లలను వదిలిపెట్టకుండా పదేళ్లు గమనిస్తూ వచ్చారు. ఆ ముఖ్యమైన వైరస్ రకాలు శరీరంలో తిష్ట వేయకుండా ఒక్క సూది కూడా నూటికి 95 వంతులు ఆపిందని 2021లో తేలింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క మోతాదు పద్ధతిని కూడా ఆమోదించింది. ఖర్చు మూడో వంతుకు దిగింది. పిల్లను రెండోసారి, మూడోసారి వెతికి తీసుకురావలసిన పని తప్పింది. ఎ.ఎన్.ఎం. పని చేసినవారికి ఆ చివరి మాట విలువ తెలుస్తుంది.

అయితే 2010లో ఎందుకు ఆపారన్నది కూడా చెప్పాలి. అది మన రాష్ట్రపు కథే. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఖమ్మం జిల్లా మూడు మండలాల్లో, 2009లో, పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి ఈ టీకా వేసే కార్యక్రమం చేపట్టాయి. వారిలో చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. తల్లిదండ్రుల సంతకం ఉండవలసిన చోట హాస్టల్ వార్డెన్ల సంతకాలు కనబడ్డాయి. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలు వచ్చాయి. ఆ మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణలో చెప్పారు. కానీ అనుమతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది.

టీకా మంచిదే. ప్రశ్న కూడా మనకు అవసరమైనదే. అడగవలసిన తల్లిని అడగలేదు. దాని ఫలితంగా టీకా అంటే పల్లెల్లో పుట్టిన అనుమానం ఇంకా పూర్తిగా పోలేదు. మాకు వచ్చే తల్లులలో కొందరు ఖమ్మం పేరు ఎత్తుతారు, ఎక్కడ విన్నారో తెలియదు. పరిశోధనకు విషయం ఎంచుకునేటప్పుడు ప్రజలను కలుపుకోవాలని పుస్తకాల్లో రాస్తారు. కలుపుకోకపోతే ఏమవుతుందో ఖమ్మంలో చూశాం.

రోగి కూడా కూర్చునే బల్ల

ఇంగ్లండులో 2004లో జేమ్స్ లిండ్ అలయన్స్ అని ఒకటి పెట్టారు. వారి పద్ధతి నాకు నచ్చింది. ఒక వ్యాధి తీసుకుని, రోగులను, వారిని చూసుకునే ఇంటివారిని, డాక్టర్లను, నర్సులను మీకు జవాబు దొరకని ప్రశ్నలేమిటని అడుగుతారు. వందలకొద్దీ వస్తాయి. ముందే జవాబు ఉన్నవి తీసివేస్తారు. మిగిలినవాటిని అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని, వాదించుకుని, పదికి తగ్గిస్తారు. మందుల కంపెనీలకు ఆ బల్ల దగ్గర చోటు లేదు. ఇలా చేసినప్పుడు కొత్త మందుల ప్రశ్నలు కిందికి జారి, నొప్పి, నీరసం, చికిత్స అయిన తరువాత జీవితం, ఇంటివారి అలసట వంటివి పైకి వచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి.

అలాంటి బల్ల ఎచ్చెర్లలో వేస్తే ఏ ప్రశ్నలు వస్తాయి? ముప్పై ఏళ్లుగా వార్డుల్లో విన్నవి నా దగ్గర కొన్ని ఉన్నాయి.

బుడగట్లపాలెం, కుప్పిలి వైపు నుంచి వచ్చే స్త్రీలు నోటిలో పుండు మొదలైన ఎన్ని నెలలకు మొదటిసారి ఎవరికైనా చూపించుకుంటారు? ఆ మొదటి మనిషి ఎవరు? ఆర్.ఎం.పి. దగ్గరకు వెళితే ఎన్ని వారాలు పూత మందు రాశాడు? ఇది తెలియకుండా త్వరగా రండి అని గోడల మీద రాస్తే ఏమి లాభం? భర్త వేట కోసం గుజరాత్‌లో ఉంటే, ఆమెను విశాఖకు తీసుకువెళ్లేది ఎవరు? 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్న పథకం కింద ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఉచితంగా జరుగుతాయి. విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా వారి హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి 2014 నుంచి ఉంది. అయినా రేడియేషన్ ఆరు వారాలు సాగితే మధ్యలో మానేసి వచ్చేవారున్నారు. ఎందుకంటే తోడు వచ్చిన మనిషికి కూలి పోతుంది, ఇంటి దగ్గర పశువులకు ఎవరూ ఉండరు. ఒక పేద ఇంటికి ఎంత బత్తా ఇస్తే చికిత్స పూర్తవుతుంది? ఇది కూడా కేన్సర్ పరిశోధనే. మైక్రోస్కోపు అక్కరలేని పరిశోధన.

ఇంకొకటి నర్సులకే తెలుస్తుంది. ముదిరిన పుండు వాసన. నొప్పిని ఓర్చుకున్న మనిషి వాసనకు కుంగిపోతుంది. మనవలు దగ్గరకు రారు, ఆమె పశువుల పాకలో పడుకుంటుంది. పుండు శుభ్రం చేసి మెట్రోనిడజోల్ మాత్రలు పొడి చేసి వేస్తే చాలామందికి వాసన తగ్గుతుంది. ఇంటి దగ్గర, మన ఎండలో, మన ఈగల మధ్య, ఒక కోడలు దీన్ని రోజూ ఎంత బాగా చేయగలదు, ఆమెకు ఎన్నిసార్లు నేర్పాలి అన్నది పెద్ద పరిశోధనల పట్టికల్లో పైన కనబడదు. మా వార్డులో అయితే అది మొదటి వరుసలో ఉంటుంది.

మన జిల్లా వారికి పట్టించుకోబడకపోవడం అంటే ఏమిటో వేరే చెప్పాలా? ఉద్దానంలో కిడ్నీలు పాడై ఊళ్లకు ఊళ్లు బాధపడుతుంటే, కారణం ఇదీ అని పూర్తిగా తేలకుండానే ఏళ్లు గడిచాయి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అది అడగగా అడగగా వచ్చినది.

జవాబు ఉన్నది ఇంటికి చేరాలి

కేరళలో తిరువనంతపురం ప్రాంతీయ కేన్సర్ కేంద్రం వారు 1996లో 13 పంచాయతీల్లో సుమారు 1 లక్షా 90 వేల మందితో ఒక పరిశోధన మొదలుపెట్టారు. డాక్టర్లు కాని ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, కొన్ని పంచాయతీల్లో ఇంటింటికీ పంపి నోరు చూడమన్నారు. మిగతా పంచాయతీల్లో అలా చూడలేదు. పొగాకు, మద్యం అలవాటు ఉన్నవారిలో నోటి కేన్సర్ మరణాలు మూడో వంతు తగ్గాయని 2005లో లాన్సెట్‌లో ప్రకటించారు. అడ్డపొగ పరిశోధన ఇంటింటికీ తిరిగిన పద్ధతినే ఇక్కడ కూడా చూడవచ్చు. ముప్పై ఏళ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షించాలని 2016లో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. కనుక నోరు చూస్తే ప్రాణం దక్కుతుందా అన్నది ఇక ప్రశ్న కాదు. పది రకాల రిజిస్టర్లు మోస్తున్న ఆశా కార్యకర్త, కొంగు తీయడానికి సిగ్గుపడే ముసలి అవ్వ నోటిని వెలుతురులో ఎలా చూస్తుంది అన్నది ప్రశ్న. దీనికి జవాబు అమెరికా నుంచి రాదు.

అది వచ్చేదాకా ఇంట్లో చేయదగినది ఉంది. చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా, మద్యం అలవాటు ఉన్నవారు నెలకొకసారి పగటి వెలుతురులో అద్దం ముందు నిలబడి నోరు చూసుకోవాలి. కట్టుడు పళ్లు ఉంటే తీసివేయాలి. పెదవుల లోపలి వైపు, రెండు బుగ్గలు, చిగుళ్లు, నాలుక అంచులు, నాలుక కింద, చివరకు తల వెనక్కి వంచి అంగిలి. అంగిలి తనకు తాను చూసుకోవడం కష్టం, కూతురో మనవరాలో టార్చి పట్టి చూడాలి. రెండు వారాలు దాటినా మానని పుండు, గోకినా పోని తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, కారం తగిలితే భగ్గుమనడం, మూడు వేళ్లు పట్టేంత నోరు తెరుచుకోకపోవడం, మెడలో గడ్డ, వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయకూడదు. నొప్పి లేదు కదా అని ఊరుకోకూడదు, మొదట్లో నొప్పి ఉండదు.

మా ఓపీలో నోటి పరీక్షకు వేరే చీటీ అక్కరలేదు, ఆడవారిని నర్సులే చూస్తారు. అడ్డపొగ తాగే అవ్వను తీసుకువచ్చేటప్పుడు ఏ వయసు నుంచి తాగుతోంది, రోజుకు ఎన్ని చుట్టలు, ఎన్నాళ్లు నిప్పు లోపల పెట్టి తాగింది అన్నవి ఇంటి దగ్గరే అడిగి ఒక కాగితం మీద రాసి తెండి.